పోయే మాలు.. వచ్చే మాలు

సిరోంచ బజారులో ఏ దుకాణం ముందు నిలబడి చూసినా ఒకటే లెక్క. ఉప్పు, పప్పు, నూనె, సబ్బు, సిమెంటు, ఇనుప చువ్వ, పురుగుమందు, సెల్‌ఫోను.. అన్నీ బయటి నుంచి దిగినవే. మంచిర్యాల నుంచో, వరంగల్ నుంచో, చంద్రపూర్, నాగపూర్ నుంచో లారీ ఎక్కి వచ్చినవే. మరి ఇక్కడి నుంచి పోయేవేవి? వేళ్ల మీద లెక్కబెట్టొచ్చు. తునికాకు, వెదురు, టేకు, వడ్లు, పత్తి, మిర్చి. వీటితో పాటు ఇంకో సరుకు కూడా పోతోంది. దాన్ని మాత్రం ఎవరూ సరుకు అనరు. అది మన మనుషుల రెక్కల కష్టం.

ఆయాత-నిర్యాత అని బడిలో మరాఠీలో చదువుకున్నాం. దిగుమతి-ఎగుమతి అని ఇంటికొచ్చే తెలుగు పేపర్లో చదువుతున్నాం. మాటలు రెండు భాషల్లోనూ తెలుసు. కానీ అవి ఢిల్లీ, ముంబై వాళ్ల సంగతులనీ, ఓడరేవులున్న చోట మాట్లాడుకోవాల్సినవనీ మన లెక్క. నిజానికి ఆ లెక్క మన గడప దాకా ఉంది. దీర్ఘకాలంలో పోయే ఖాతా, వచ్చే ఖాతా సరిపోక తప్పదు. దేశానికైనా అంతే, తాలూకాకైనా అంతే. కాబట్టి సరిపోతాయా లేదా అని అడగడం కాదు, వాటిని దేనితో సరిపెడుతున్నామని అడగాలి.

లోటు కొత్తది కాదు

ముందు దేశం సంగతి. స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత సరుకుల వ్యాపారంలో మన దేశం కొన్నదానికన్నా ఎక్కువ అమ్మింది రెండంటే రెండు సంవత్సరాలే. ఒకటి 1972-73, రెండోది 1976-77. మిగతా అన్నేళ్లూ లోటే. 1990-91లో సుమారు 1,800 కోట్ల డాలర్ల సరుకు అమ్మి 2,400 కోట్ల డాలర్ల సరుకు కొన్నాం. 2024-25కు వచ్చేసరికి అమ్మింది సుమారు 43,700 కోట్ల డాలర్లు, కొన్నది సుమారు 72,000 కోట్ల డాలర్లు.

ఈ అంకెలు చూసి గుండెలు బాదుకునేవాళ్లున్నారు. దిగుమతులు ఆపేయండి, అన్నీ బాగుపడతాయి అంటారు. అంత తేలికైతే ఎప్పుడో బాగుపడేవాళ్లం. కొత్తగా సేద్యం మొదలుపెట్టిన రైతు మొదటి రెండేళ్లు ఎడ్లు కొంటాడు, మోటారు కొంటాడు, బోరు వేయిస్తాడు. అమ్మేది తక్కువ, కొనేది ఎక్కువ. అది తప్పు కాదు. ఆ మోటారు నీళ్లు పారించి మూడో ఏడు రెండు పంటలు తీస్తే అప్పు తీరుతుంది. అదే డబ్బు పెళ్లి పందిరికి పెడితే మాత్రం మూడో ఏడు షావుకారు వాకిట్లో నిలబడాలి.

ఎదిగే దేశం కథ కూడా ఇంతే. దక్షిణ కొరియా 1960లలో టంగ్‌స్టన్ ఖనిజం, చేపలు, తలవెంట్రుకల విగ్గులు అమ్ముకుని బతికిన దేశం. 1980ల మధ్య దాకా దాదాపు ఏటా వాణిజ్య లోటే. కానీ ఆ లోటుతో వాళ్లు కొన్నది యంత్రాలు, ముడిసరుకు. వాటితోనే ఓడలు, కార్లు చేసి ప్రపంచానికి అమ్మే దశకు చేరారు. ఎంత కొన్నారన్నదాని కన్నా ఏం కొన్నారన్నదే వాళ్ల తలరాత మార్చింది.

ఒకే కాడికి కట్టిన ఎడ్లు

ఎగుమతి, దిగుమతి ఒకే కాడికి కట్టిన జోడెద్దుల్లాంటివి. ఒక ఎద్దు కాస్త ముందుకు గుంజొచ్చు, ఇంకోటి మొండికేయొచ్చు. ఒక ఏడాది కరువొస్తుంది, ఇంకో ఏడాది చమురు ధర పెరుగుతుంది. కానీ కాడి ఒకటే కాబట్టి కొంత దూరం పోయాక రెండూ పక్కపక్కనే నడవాలి. 1992లో స్టీవెన్ హస్టెడ్ అనే ఆర్థికవేత్త అమెరికా లెక్కలు ముందేసుకుని ఈ జోడు నిజంగా కలిసి నడుస్తుందా అని పరీక్షించాడు. దీర్ఘకాలంలో కలిసే నడుస్తున్నాయని తేల్చాడు. ఆ తర్వాత ఎదుగుతున్న దేశాల లెక్కలు కూడా అదే పద్ధతిలో చూశారు. చాలా చోట్ల అదే కనిపించింది.

ఎందుకిలా? బయటి సరుకు కొనాలంటే డాలర్లు కావాలి. డాలర్లు మనం అచ్చేసుకునేవి కావు, ఏదో ఒకటి అమ్మితేనే వస్తాయి. అప్పు తెచ్చినా ఏదో ఒక రోజు అమ్మే తీర్చాలి.

ఈ బంధం రెండో వైపు నుంచి కూడా ఉంది. కొనకుండా అమ్మలేం. మనం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతే. దాన్ని శుద్ధి చేసి డీజిలు, పెట్రోలు మళ్లీ బయటికి అమ్ముతున్నాం. సూరత్‌లో సానపెట్టి అమ్మే వజ్రాలు కూడా రాళ్లుగా బయటి నుంచి వచ్చినవే. దిగుమతికి తాళం వేస్తే ఎగుమతి దుకాణం కూడా మూతపడుతుంది.

తాళం వేసినా సరుకు ఆగుతుందన్న గ్యారంటీ లేదు. 2013లో బంగారం దిగుమతి సుంకం పది శాతానికి పెంచారు. బంగారం మీద మోజు తగ్గలేదు, దొంగ రవాణా పెరిగింది. మనకు ఇది చెప్పనక్కర్లేదు. గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం. అది ప్రజలు, ముఖ్యంగా ఆడవాళ్లు కొట్లాడి తెచ్చుకున్నది, మంచిదే. అయినా నది అవతలి సీసా ఇవతలికి ఎలా వస్తోందో ఊళ్లో చిన్నపిల్లాడినడిగినా చెబుతాడు. తెలంగాణ రేషన్ బియ్యం సిరోంచ దారిలో పట్టుబడిన వార్తలు కూడా తరచూ చదువుతూనే ఉన్నాం. ఇవన్నీ ఏ లెక్క పుస్తకానికీ ఎక్కని దిగుమతులు.

కాడి జారిన రోజులు

జోడు విడిపోతే ఏమవుతుందో మన దేశం రెండుసార్లు చవిచూసింది. 1966 జూన్‌లో డాలరు ధర 4 రూపాయల 76 పైసల నుంచి ఒక్కసారిగా ఏడున్నర రూపాయలకు మారింది. 1991లో అంతకన్నా పెద్ద దెబ్బ. గల్ఫ్ యుద్ధంతో చమురు మండింది, అక్కడి మన కూలీలు తిరిగొచ్చారు, అప్పిచ్చేవాళ్లు ముఖం చాటేశారు. విదేశీ మారకం రెండు మూడు వారాల కొనుగోళ్లకు సరిపడా మాత్రమే మిగిలింది. మే నెలలో 20 టన్నుల బంగారం స్విట్జర్లాండ్ బ్యాంకుకు పోయింది. జులైలో మరో 47 టన్నుల దాకా ఇంగ్లండ్, జపాన్ బ్యాంకుల్లో కుదువ పెట్టారు. ఇంట్లో పుస్తెలతాడు కుదువ పెట్టి పూట గడుపుకున్నట్టే. అదే జులై మొదటి వారంలో రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించారు. అప్పటి ప్రధాని పి.వి.నరసింహారావు మనకు దూరపువాడేం కాదు. గోదావరి అవతలి వంగర బిడ్డ. మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి రెండుసార్లు లోక్‌సభకు వెళ్లినవాడు.

మనకు పక్కనే ఉన్న శ్రీలంక 2022లో ఇదే గోతిలో పడింది. డాలర్లు నిండుకుని పెట్రోలు బంకుల దగ్గర రోజుల తరబడి వరసలు కట్టారు. అచ్చుకు కాగితం లేక కొన్ని చోట్ల బడి పరీక్షలే వాయిదా పడ్డాయి. ఏప్రిల్‌లో విదేశీ అప్పు కట్టలేమని చేతులెత్తేశారు.

మరి ఇంత లోటున్నా మన దేశం ఇప్పుడెలా నిలబడింది? సరుకులో పోగొట్టుకున్నదాన్ని మనుషులతో రాబట్టుకుంటోంది. సాఫ్ట్‌వేర్ వంటి సేవల ఎగుమతి 2024-25లో 38,000 కోట్ల డాలర్లు దాటింది. అయితే సేవల్లో మనం కొనేవి కూడా ఉన్నాయి, అవి తీసేయగా మిగిలిందే లోటు పూడ్చేందుకు పనికొస్తుంది. దాంతో పాటు బయటి దేశాల్లోని మనవాళ్లు పంపే డబ్బు ఉంది. ప్రపంచ బ్యాంకు లెక్క ప్రకారం 2024లో అది 12,900 కోట్ల డాలర్లు. ప్రపంచంలో ఏ దేశానికీ అంత రాలేదు. అందులో జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల నుంచి గల్ఫ్‌కు పోయి ఎండలో ఇటుకలు మోసిన వాళ్ల చెమట ఉంది. హైదరాబాద్ నుంచి అమెరికా పోయిన పిల్లల జీతమూ ఉంది.

తాలూకాకు వేరే రూపాయి లేదు

ఇక మన దగ్గరికి వద్దాం. సిరోంచకు, మంచిర్యాలకు నడుమ రాష్ట్రాల సరిహద్దు ఉంది కానీ రూపాయి సరిహద్దు లేదు. అందుకే మన లోటు ఎవరికీ కనిపించదు. దేశానికి లోటొస్తే డాలర్లు తగ్గుతాయి, పేపర్లో వస్తుంది, ఢిల్లీలో కదలిక వస్తుంది. రూపాయి విలువ తగ్గుతుంది, దాంతో బయటి సరుకు పిరమవుతుంది, మన సరుకు అగ్గువవుతుంది, జోడెద్దులు మళ్లీ దారికొస్తాయి.

తాలూకాకు ఆ అవకాశం లేదు. సిరోంచ రూపాయి అని వేరే ఒకటి లేదు, దాని విలువ తగ్గించుకోలేం. సుంకం వేయలేం. 2017లో జీఎస్టీ వచ్చాక అమ్మకపు పన్ను చెక్‌పోస్టు కూడా పోయింది. అయినా ఖాతా సరిపోవాల్సిందే. అప్పుడు ఏం జరుగుతుంది? మొదట దుకాణంలో ఉద్దెర పెరుగుతుంది. తర్వాత బంగారం కుదువకు పోతుంది. ఆ తర్వాత మనిషే కదులుతాడు.

ఏటా సంక్రాంతి దాటగానే మన ఊళ్ల నుంచి, పక్క తాలూకాల నుంచి మిర్చి కోతకు తెలంగాణకు పోయే బండ్లే దీనికి సాక్ష్యం. ముసలోళ్లను ఇంటికాడ ఉంచి, బడి ఈడు పిల్లల్ని వెంటబెట్టుకుని పోయే కుటుంబాలున్నాయి. 2020 లాక్‌డౌన్‌లో అలా పోయినవాళ్లు అడవి దారుల్లో కాలినడకన తిరిగి రావడం దేశమంతా చూసింది. వలసను చాలామంది బీదరికం అని ఊరుకుంటారు. నేను దాన్ని చెల్లింపు అంటాను. మనం కొన్న సబ్బుకు, సిమెంటుకు, ఫోనుకు మనం కడుతున్న ధర అది. పోయే మాలు చాలకపోతే మనిషే మాలు అవుతాడు.

గోదావరి ఒకసారి చెప్పిన పాఠం

ఈ ఊరికి ఇలాంటి లెక్క కొత్తది కాదు. 1860లో నిజాం దగ్గర నుంచి ఈ ప్రాంతం బ్రిటిష్ వాళ్ల చేతికి పోయాక సిరోంచ ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్య పట్టణమైంది. ఆ రోజుల్లోనే ఆర్థర్ కాటన్ ఆలోచన మీద గోదావరి, ప్రాణహిత, వార్ధా నదుల్లో పడవలు నడిపే పని సాగింది. వార్ధా, నాగపూర్ ప్రాంతాల పత్తి కిందికి దిగి కోస్తాకు చేరాలి. కోస్తా ఉప్పు మీదికి ఎక్కాలి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి ఇంగ్లండ్ మిల్లులకు పత్తి కరువవడంతో ఈ దారికి గిరాకీ పెరిగింది. దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవలమరి దగ్గర నదిలో రాతి మడుగులు అడ్డం. వాటిని దాటించేందుకు ఆనకట్టలు, కాలువలు మొదలుపెట్టారు.

కానీ 1867లో బొంబాయి నుంచి రైలు నాగపూర్‌కు చేరింది. పత్తి బండి రైలు వైపు తిరిగింది. 1871లో గోదావరి పనులు ఆపేశారు. 1874లో జిల్లానే రద్దుచేసి సిరోంచను చాందాలో కలిపేశారు. ఊరు సొంతంగా తయారుచేసి పంపేది ఏమీ లేదు, ఊరి మీదుగా పోయే సరుకు మీదే ఆశ. సరుకు దారి మళ్లగానే ఊరి దశ తిరగబడింది.

ఇప్పుడు మనకు మళ్లీ దారులొచ్చాయి. ఒకప్పుడు నాటు పడవే దిక్కైన చోట ఇప్పుడు కాళేశ్వరం వైపు గోదావరి మీద, చెన్నూరు వైపు ప్రాణహిత మీద వంతెనలున్నాయి. అవతల ఇంద్రావతి దాటితే భోపాలపట్నం మీదుగా జగదల్‌పూర్ దాకా దారి ఉంది. సంతోషమే. ఆసుపత్రికి పోయే గర్భిణికి ఆ వంతెన విలువ ఎంతో తెలుసు. అయితే వంతెన రెండు వైపులా తెరిచి ఉంటుంది. పంపేందుకు మన దగ్గర సరుకు లేకపోతే అది వచ్చే మాలుకే దారి అవుతుంది. లారీ నిండుగా వచ్చి సగం ఖాళీగా తిరిగిపోతే ఆ ఖాళీ కిరాయి కూడా మనం కొనే వస్తువు ధరలోనే కలుస్తుంది.

ఆకు పోయి బీడీ వచ్చె

మన ఎగుమతుల తీరు చూడండి. మే నెల ఎండలో తునికాకు తెంపి కట్టలు కట్టి కల్లంలో ఆరబోస్తాం. ఆకు లారీ ఎక్కి బీడీలు చుట్టే ఊళ్లకు పోతుంది. అక్కడ ఆడవాళ్ల చేతుల్లో చుట్టబడి, లేబులు అంటించుకుని మన పాన్‌డబ్బాకు తిరిగొస్తుంది. వెదురుదీ అదే కథ. దశాబ్దాలుగా మన అడవి వెదురు బల్లార్‌పూర్ కాగితం మిల్లుకు పోయింది. జూన్‌లో పిల్లలకు నోటుబుక్కులు కొనేది మాత్రం మనమే. ఏటపల్లి తాలూకా సుర్జాగడ్ నుంచి 2021 తర్వాత ఇనుప ఖనిజం పెద్ద ఎత్తున పోతోంది. ఇంటి స్లాబుకు చువ్వ కొనేటప్పుడు ధర అడిగి నోరెళ్లబెట్టేదీ మనమే. అడవి కాచిన వెన్నెల అంటే ఇదే.

1950లో అర్జెంటీనాకు చెందిన రౌల్ ప్రెబిష్, జర్మనీలో పుట్టిన హాన్స్ సింగర్ విడివిడిగా ఒకే మాట చెప్పారు. ముడిసరుకు అమ్మి, తయారైన వస్తువు కొనే దేశం కాలం గడిచేకొద్దీ అదే వస్తువు కోసం ఇంకా ఎక్కువ ముడిసరుకు ఇవ్వాల్సి వస్తుందని. ఈ మాట మీద పండితుల మధ్య వాదనలున్నాయి, అన్ని కాలాలకూ అన్ని సరుకులకూ ఒకేలా వర్తించదు. కానీ ఎన్ని క్వింటాళ్ల పత్తి అమ్మితే ఒక మోటారుసైకిల్ వస్తుందో ఇరవయ్యేళ్ల కిందటి ధరతో పోల్చి చూసుకోండి. ప్రతి రైతుకూ తన జవాబు తనకే దొరుకుతుంది.

అందుకని ఆకు తెంపడం మానేద్దామా? బీడీ ఆరోగ్యానికి చేటు, గిరాకీ ఎల్లకాలం ఉండదు, నిజమే. కానీ ఇవాళ చాలా ఇళ్లకు వానాకాలం పెట్టుబడి ఆ డబ్బే. మానేయమని చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఇంకో కాలు కూడా నేల మీద పెట్టుకుందాం అన్నదే మాట.

చేయాల్సింది ఏమిటి?

మన జిల్లాలోనే ఒక దారి కనిపిస్తోంది. ధానోరా తాలూకాలోని మేండా-లేఖా గ్రామసభ 2009లో సామూహిక అటవీ హక్కు సాధించింది. 2011లో వెదురు రవాణా పాసుల పుస్తకం గ్రామసభ చేతికే వచ్చింది. వెదురు అదే, అడవి అదే. అమ్మేవాడు మారగానే డబ్బు ఎవరి చేతికి పోతుందో మారింది. పెసా చట్టం, అటవీ హక్కుల చట్టం సిరోంచ, అహేరి ఊళ్లకు కూడా అక్కరకొచ్చేవే. వేలంలో ఒక్కో గ్రామసభ విడిగా కూర్చుంటే కాంట్రాక్టరు మాటే చెల్లుతుంది. పది ఊళ్లు కలిసి కూర్చుంటే ధర ఊళ్లే చెప్పొచ్చు.

రెండోది మిర్చి. కోత అయిన వారంలోనే అందరూ ఒక్కసారి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు తోలితే ధర పడిపోక ఏమవుతుంది? సిరోంచలో ఒక కోల్డ్ స్టోరేజీ, ఒక కారంపొడి మిల్లు ఉంటే రైతుకు ఆగే బలం వస్తుంది. ఇందుకు యంత్రాలు బయటి నుంచే తేవాలి. తెద్దాం. అది మంచి దిగుమతి, మూడో ఏడు రెండో పంట తీసే మోటారు లాంటిది.

మూడోది ఖనిజం. చామోర్షి తాలూకా కోన్‌సరిలో ఇనుము తయారుచేసే కర్మాగారం వచ్చింది. ముడి రాయి జిల్లా దాటిపోవడం కన్నా ఇది మేలే. అయితే గ్రామసభల అభ్యంతరాలు పక్కకు నెట్టి కొండ తవ్వితే, ఆ లాభంలో స్థానిక పిల్లలకు దక్కేది కాపలా ఉద్యోగమే అయితే, అది ఎగుమతి లెక్కలో కనిపిస్తుంది గానీ మన ఇంటి లెక్కలో కనిపించదు.

నాలుగోది రోడ్డు. సిరోంచ నుంచి జిల్లా కేంద్రం గడ్చిరోలి సుమారు రెండొందల కిలోమీటర్లు. ఆలపల్లి దారి గుంతల్లో ఏళ్ల తరబడి ప్రాణాలూ పోయాయి, సరుకూ పాడైంది. సొంత జిల్లా మార్కెట్ కన్నా పక్క రాష్ట్రం మార్కెట్ దగ్గరవడం తప్పు కాదు. కానీ అమ్మేవాడికి రెండు దారులుంటేనే బేరం చేసే నోరు ఉంటుంది.

వీటన్నిటికన్నా ముందు కావాల్సింది లెక్క. మన తాలూకాకు ఏడాదిలో ఎంత విలువైన మాలు వచ్చింది, ఎంత పోయింది అని అడిగితే చూపించే కాగితం జనం చేతిలో లేదు. అది దొరకని విషయం కాదు. 2018 ఏప్రిల్ నుంచి యాభై వేల రూపాయలు దాటిన సరుకు రాష్ట్రం దాటాలంటే ఈ-వే బిల్లు ఉండాలి. అందులో ఏ ఊరి నుంచి ఏ ఊరికో రాసి ఉంటుంది. రైతు పంటలో చాలా భాగానికి ఆ బిల్లు అక్కర్లేదు. కానీ దానికి మార్కెట్ కమిటీ పట్టీలున్నాయి, కలపకు, వెదురుకు అటవీ శాఖ పాసులున్నాయి. వలస పోయేవాళ్ల లెక్క గ్రామపంచాయతీ ఒక రిజిస్టరు పెడితే తెలిసిపోతుంది. పంచాయతీ సమితి ఏటా ఈ మూడింటినీ కలిపి ఒక పేజీలో రెండు వరసలుగా అచ్చేయించాలి. ఒక వరస మరాఠీలో, ఒక వరస తెలుగులో వేసినా నాకు అభ్యంతరం లేదు.

వచ్చే ఎన్నికల్లో ఓటడిగేందుకు ఏ పార్టీవాళ్లు వచ్చినా ఆ పేజీ ముందు పెట్టి అడుగుదాం. ఏం తెస్తారో చెప్పడం అందరికీ వచ్చు, ప్రతివాళ్లూ చెబుతారు. మీ అయిదేళ్లలో మన తాలూకా నుంచి ఏం పంపిస్తారు? అది ఆకేనా, రాయేనా, మళ్లీ మనిషేనా?